నోరు తెరవని పిల్ల

మా ఇంట్లో కోలారు తెలుగు, బళ్ళో కన్నడ. ఇంగ్లీషు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో "కన్నడ మీడియమా?" అని అడగంగానే తెలిసిన జవాబులు కూడా గొంతు దాటలేదు.

1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అచ్చువేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు కష్టమైన ఇంగ్లీషు ప్రశ్నలిచ్చినారు. ఇది మీ తెలివికి పరీక్ష అంటే, పాత మార్కుల తేడాను లెక్కలోకి తీసుకొన్నా, నల్లజాతి పిల్లలు వెనకబడినారు. ఉత్త ప్రశ్నలే అన్నప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. 'మావాళ్ళకి రాదనుకొంటారేమో' అనే దిగులే బుర్రను తినేస్తుందని వాళ్ళ వాదన. నాకు ఊరటగా అనిపించింది.

ఆ ఊరట నిలవలేదు. పోయినేడు మా టీముకి ఒక పిల్ల వచ్చింది. కన్నడ బడే, నాలాగే. మీటింగులో నోరు తెరవదు. ఈమెతో కాదులే అని ఆర్నెల్లు లాగిన్ పేజీ టెస్టులే ఇస్తా వచ్చినాను. పేమెంటు టెస్టులన్నీ గడగడా మాట్లాడే అబ్బాయికి. ఆమె ఒక్క పెద్ద బగ్గూ పట్టలేదు. చూస్తివా, అనుకొన్నట్టే అయింది, అనుకొంటిని. వెతకని చోట బగ్గు లేదనకూడదని కొత్తవాళ్ళకి చెప్పేది మళ్ళీ నేనే!

అబ్బాయి లీవు పెట్టిన వారం, వేరే దారిలేక ఆమెకిచ్చినాను. రీఫండు రెండుసార్లు పోయే బగ్గు పట్టింది.

"నాకు ముందునుంచే అనుమానం అక్కా."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా."

ఆమె అప్రైజల్ అప్పటికే రాసి పంపించేసినా. మేనేజరుకి మళ్ళీ రాసినాను. రేటింగు మారలేదు.