దూకుడు, గొడుగు, గురుదక్షిణ

పోయిన ఆదివారం ఉదయం పూజ ముగించి కాఫీ గ్లాసు చేతికి తీసుకున్నానో లేదో, డల్లాసు నుండి ఫోను. ఇరవయ్యేళ్ళ క్రితం పదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు చదువుకున్న శిష్యుడు. కుశలప్రశ్నలయ్యాక కాస్త నసిగి, "మాస్టారూ, విమానంలోనుండి దూకడం నేర్చుకున్నానండీ. మొన్ననే ఏ-లైసెన్సు వచ్చింది. మీ అమ్మాయిగారు కూడా దూకుతారని విన్నాను. సొంత పారాచూటు కొందామనుకుంటున్నాను, ఏది కొనమంటారు?" అన్నాడు. ఉత్పలమాలకు గణాలు అడగవలసినవాడు పారాచూటుకు కొలతలు అడుగుతున్నాడు. కాలమహిమ!

నేను జన్మలో విమానంలోనుండి దూకినవాడిని కాను. మెట్లు దిగడానికే కటకటాలు పట్టుకుంటాను. ముప్ఫైమూడేళ్ళు ప్రకాశం జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి 2018లో పదవీ విరమణ చేశాను. అయినా ఆ శిష్యుడికి గంటసేపు సమాధానం చెప్పగలిగానంటే, దానికి కారణం 2023 వేసవిలో మా అమ్మాయి దగ్గర గడిపిన మూడు నెలలు. ఫోనులో చెప్పినదీ, చెప్పలేకపోయినదీ ఇక్కడ వ్రాస్తున్నాను. చదువరులలో విదేశాలలో పిల్లలున్నవారు చాలామంది. వారిలో ఎవరికి ఎప్పుడు అక్కరకు వస్తుందో తెలియదు.

స్కైడైవింగ్ అన్న మాటకు తెలుగు చేద్దామని అప్పట్లో తాపత్రయపడ్డాను. "గగనపాతం" అన్నాను. "అందులో పాతం ఉంది నాన్నా, వద్దు" అంది అమ్మాయి. చివరకు "దూకుడు" దగ్గర ఆగాము. ఆ మాటకున్న రెండవ అర్థం కూడా ఈ వ్యాసంలో అవసరమవుతుంది.

మా అమ్మాయి దక్షిణ కాలిఫోర్నియాలో ఇంజనీరు. అప్పటికి దాని వయసు 31. మేము వెళ్ళిన మొదటి వారంలోనే, వాళ్ళమ్మ నిద్రపోయాక, నాతో మాత్రమే చెప్పింది, "ఏడాదిగా దూకుతున్నాను నాన్నా, ఇప్పటికి నలభై దాటాయి, అమ్మకు చెప్పకు" అని. నాకు నోట మాట రాలేదు. కోపం రావడానికి కూడా కొంత సమయం పట్టింది. వచ్చిన కోపాన్ని చూపడానికి అవకాశమివ్వకుండా అది రేచల్ థామస్ పేరెత్తింది. ఆమె 1979లోనే దూకిందనీ, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకిన భారతీయ మహిళ అనీ, పద్మశ్రీ కూడా ఇచ్చారనీ చెప్పింది. పద్మశ్రీ అనేసరికి పంతులు మెత్తబడతాడని దానికి తెలుసు. ఆ శనివారం "గుడికి వెళ్ళివస్తాం" అని ఇంట్లో చెప్పి నన్ను దూకే మైదానానికి తీసుకువెళ్ళింది.

పెర్రిస్, అరిజోనాలోని ఈలోయ్ వంటి పేరున్న మైదానాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఇది వాటిలోది కాదు, చిన్నది. పేరు చెప్పను. ఎండ మన ఒంగోలు ఎండే. షెడ్డు కింద తివాచీ పరిచి, దాని మీద పారాచూటు గుడ్డను మడుస్తోంది మా అమ్మాయి. మోకాళ్ళ మీద కూర్చుని, మడత మీద మడత సర్ది, అరచేత్తో అదిమి గాలి తీస్తోంది. పెళ్ళిచూపులనాడు చీర కుచ్చెళ్ళు పెట్టుకోవడం రాక వాళ్ళమ్మను పిలిచిన పిల్ల! తన ప్రాణం మడుచుకుంటున్నట్టు మడుస్తోంది. అక్షరాలా అంతే మరి.

ఇక లైసెన్సుల సంగతి. అమెరికాలో వీటిని ప్రభుత్వం ఇవ్వదు. యు.ఎస్.పి.ఎ. అనే పారాచూటిస్టుల సంఘం ఇస్తుంది. నాలుగు మెట్లు: ఏ-కు కనీసం 25 దూకుళ్ళు, బి-కి 50, సి-కి 200, డి-కి 500. లెక్క ఒక్కటే చాలదు. మొదట్లో ఇద్దరు శిక్షకులు చెరొక పక్క పట్టుకుని దూకిస్తారు, తరువాత ఒక్కరు, ఆ తరువాత ఒంటరిగా. గాలిలో నిలకడగా ఉండడం, ఎత్తు చూసుకోవడం, తోటివారి దగ్గరకు చేరి మళ్ళీ దూరం జరగడం, గొడుగు మడవడం, అది చెడితే వదిలించుకుని రిజర్వు తెరవడం, ఇవన్నీ వచ్చునని ఒక చీటీ మీద ఒక్కొక్కదానికీ శిక్షకుడు సంతకం చేయాలి. ఆపైన వ్రాత పరీక్ష, మౌఖిక పరీక్ష, చివరకు పరీక్షా దూకుడు. మౌఖిక పరీక్ష ఇంకా బతికి ఉన్న విద్య ఒకటి ఉన్నందుకు నాకు ముచ్చట వేసింది.

అయితే ఏ-లైసెన్సు చేతికి వచ్చిందంటే శిక్షకుడు పక్కన లేకుండా దూకవచ్చునని మాత్రమే అర్థం. దూకడం వచ్చిందని కాదు. భాషాప్రవీణ పట్టా చేతికి వచ్చిన ఏడాది నాకంటే వ్యాకరణం తెలిసినవాడు జిల్లాలో లేడని నేననుకున్నాను. చేరిన పదిరోజులకే ఎనిమిదో తరగతి పిల్లవాడు సంధి విడదీయమన్న మాటకు తెల్లమొహం వేశాను. నాకు పోయింది పరువు. దూకేవాడికి పోయేది అది కాదు.

రెండవ శనివారం నాటికి మా అమ్మాయి చేతిలో ఒక గొడుగు ఉంది. ఆ మైదానంలోనే వందల దూకుళ్ళు దూకిన ఒక పెద్దమనిషి తన పాత 120 చదరపు అడుగుల పారాచూటు చవకగా ఇస్తానన్నాడట. "నువ్వు సన్నగా ఉన్నావు, త్వరగా ఎదుగుతావు, ఇప్పుడే చిన్నది కొంటే రెండుసార్లు కొనే ఖర్చు తప్పుతుంది" అన్నాడట. మన ఇళ్ళలో ఎదిగే పిల్లవాడని చొక్కా ఒక కొలత పెద్దది కుట్టిస్తాము. ఇక్కడ ఎదిగే పిల్లను చిన్నది కొనమంటున్నారు. నాకప్పుడు దాని లోతు తెలియదు. వింతగా మాత్రం తోచింది.

ఆ మధ్యాహ్నమే అది జరిగింది. పాతికేళ్ళ కుర్రవాడు దిగుతున్నాడు. రంగురంగుల గొడుగు చక్కగా విచ్చుకుని ఉంది. నేలకు నూరడుగుల ఎత్తులో, ఎదురుగా మరొకరు వస్తున్నారని కాబోలు, ఒక పక్క తాడు గట్టిగా లాగాడు. గొడుగు ఒక్కసారిగా వాలింది. అతడు లోలకంలా బయటకు ఊగి నేల వైపు దూసుకువచ్చాడు. ఆ చప్పుడు నేను వ్రాయలేను. తొడ ఎముక, నడుము. ప్రాణం దక్కింది. అంబులెన్సు వెళ్ళాక కూడా ఆ గొడుగు గడ్డిలో చిన్న చిరుగు కూడా లేకుండా పడి ఉంది.

పారాచూటు తెరుచుకోకపోవడమే ఈ క్రీడలోని అపాయమని నేనంతవరకు అనుకునేవాడిని. బయటివారందరమూ అలాగే అనుకుంటాము. 2023లో అమెరికాలో సుమారు 36 లక్షల 50 వేల దూకుళ్ళకు పదిమంది పోయారని ఆ సంఘం లెక్క. మునుపటి దశాబ్దాలతో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఏళ్ళ తరబడి ఈ మరణాలలో పెద్ద వాటా, చక్కగా తెరుచుకున్న గొడుగు కింద, దిగే వేళ చేసిన పొరపాటు వల్ల జరిగినదే. తెరుచుకోని గొడుగుకు రిజర్వు ఉంది. నేలకు దగ్గరగా తిప్పిన మలుపుకు రెండవ గొడుగు లేదు.

ఆ రాత్రి ఇంట్లో మాటలు లేవు. మానేయమని అందామని నాలుక చివరి దాకా వచ్చింది. అంటే మానదు, ఇక మీదట నాకు చెప్పడం మాత్రం మానేస్తుంది. అందుకని, "ఆ 120 అంటే ఏమిటో లెక్క చెప్పు తల్లీ" అన్నాను. కాగితం తీసింది. దాని బరువు 128 పౌండ్లు. సంచీ, గొడుగులు, హెల్మెట్టు, బట్టలు కలిపితే 155. ఆ మొత్తాన్ని గొడుగు వైశాల్యంతో భాగించాలి. 120 అయితే 1.29. 150 అయితే 1.03. 170 అయితే 0.91. కొత్తవారు ఒకటి దాటకుండా ఉండడం మేలని అనుభవజ్ఞుల మాట. పైగా చిన్న గొడుగుకు తాళ్ళు పొట్టి, కాబట్టి నిష్పత్తి ఒకటే అయినా అది పెద్దదానికంటే చురుకుగా తిరుగుతుంది. సన్నగా ఉన్నవారు చిన్నది కొనవచ్చుననే వాదం ఇక్కడ తిరగబడుతుంది. "పెద్దదైతే గాలి ఎక్కువున్నరోజు వెనక్కి కొట్టుకుపోతాను నాన్నా" అంది. "గాలి ఎక్కువున్నరోజు దూకకు" అన్నాను. ఎంతసేపో కాగితం వైపు చూస్తూ కూర్చుంది. మరునాడు ఆ గొడుగు తిరిగి ఇచ్చేసింది. ఆ పెద్దమనిషి నాలుగు రోజులు ముఖం ముడుచుకున్నాడని తరువాత చెప్పింది.

అక్కడ జుట్టు నెరిసిన ఒక శిక్షకురాలు ఉండేది. గొడుగు నడపడం మీద రెండు రోజుల తరగతి పెడుతోందని తెలిసింది. బి-లైసెన్సుకు అటువంటి శిక్షణ ఎలాగూ తప్పనిసరి. మా అమ్మాయి మాత్రం "ముందు సామాను కొంటాను, తరగతికి తరువాత వెళతాను" అంటోంది. నేను నయాగరా చూద్దామని పింఛను బకాయిలోంచి మార్చి తెచ్చుకున్న డాలర్లు తీసి దాని చేతిలో పెట్టాను. "దూకడానికి నేను పైసా ఇవ్వను. ఇది గురుదక్షిణ. ముందు చదువు, ఆ తరువాత పుస్తకం కొను" అన్నాను. నయాగరా ఎందుకు మానేశామో మా ఆవిడకు చాలాకాలం తెలియదు. నా మోకాలి నొప్పి అని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

ఆ రెండు రోజులూ నేను వెనుక కుర్చీలో కూర్చుని విన్నాను. భాష సగమే అర్థమైంది, బోధన పూర్తిగా అర్థమైంది. ఒక్కొక్క దూకుడుకూ ఒక్కటే పాఠం. దిగేది వీడియో తీసి, అందరి ముందూ చూపి, తప్పు చెప్పేది. వెయ్యి అడుగుల దగ్గర గాలివాటున సాగడం, 600 దగ్గర మొదటి మలుపు, 300 దగ్గర గాలికెదురుగా చివరి మలుపు, ఆపైన తిరగకుండా తిన్నగా రావడం. ఆ అంకెలను పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించారు. అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది చదును మలుపు. రెండు పక్కల తాళ్ళూ సగం లాగి ఉంచి, ఒక పక్కది కొంచెం వదిలితే గొడుగు అంతగా వాలకుండా, ఎత్తు ఎక్కువ పోకుండా తిరుగుతుంది. ఎత్తున పదేపదే సాధన చేస్తేనే కింద ఆపదలో చేతికి తట్టేది. నాకు ఆ కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. మా అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. దానికీ గుర్తుకు వచ్చి ఉంటుంది.

సామాను విషయం శిష్యుడికి ఇంకొంచెం వివరంగా చెప్పాను. కొత్తది మొత్తం కొంటే ఎనిమిది, పదివేల డాలర్లు దాటవచ్చు. మొదటిసారి పాతది కొనడమే తెలివి, ఎందుకంటే ఎలాగూ మారుస్తావు. కానీ డబ్బు ఇచ్చేముందు దాన్ని అమ్మేవాడికి సంబంధం లేని రిగ్గరు చేతిలో పెట్టాలి. రిగ్గరు అంటే పారాచూట్లు మడిచి, బాగుచేసి, పరీక్షించే అధికారం ప్రభుత్వం నుండి పొందినవాడు. రిజర్వును ఆయనే మడవాలి, 180 రోజులు దాటితే విప్పి మళ్ళీ మడవాలి. ఇది మాత్రం ప్రభుత్వ నిబంధనే. తాళ్ళు గుడ్డకంటే ముందు అరుగుతాయి, మార్చడానికి వందల డాలర్లవుతుంది, బేరంలో అది లెక్కలో పెట్టాలి. హార్నెస్ నీ ఒంటికి సరిపోవాలి, చవక అని వదులుది కొంటే తలకిందులైనప్పుడు తెలుస్తుంది. రిజర్వు వైశాల్యానికి కూడా అదే భాగహారం చేయాలి. దాని కింద నువ్వు స్పృహ తప్పి దిగవలసి రావచ్చు.

ఇక ఏ.ఏ.డి. అనే చిన్న యంత్రం. 1991లో జర్మనీనుండి సైప్రస్ అనేది వచ్చాక ఇవి అంతటా వ్యాపించాయి. నేలకు సుమారు 750 అడుగుల ఎత్తులో కూడా మనిషి ఇంకా మహావేగంతో పడిపోతుంటే, అది రిజర్వు సంచీని మూసి ఉంచే తాడును తనంతట తానే కోసేస్తుంది. ఎంతోమందిని బతికించింది. అది లేకుండా కొనవద్దన్నాను. తయారైన తేదీ, కాలపరిమితి అడిగి చూసుకోమన్నాను. అయితే గొడుగు బాగా తెరుచుకున్నాక అది మౌనంగా ఉంటుంది. అక్కడినుండి చేతులూ, చదువూ చూసుకోవాలి.

మా అమ్మాయి 170 అడుగులది కొన్నది. నేలమీద రెండు కాళ్ళతో నిలబడి దిగిన వీడియో ఒకటి పంపితే, పొరపాటున మా ఆవిడ ఫోనులో తెరిచాను. ఆ పైన జరిగిన సంభాషణ ఇక్కడ వ్రాయదగినది కాదు. ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి తనే మేలుకుని ఉంటుంది. "దిగాను" అన్న సందేశం వచ్చాక నాతో చెప్పి పడుకుంటుంది.

నిన్న సాయంత్రం శిష్యుడు మళ్ళీ ఫోను చేశాడు. సామానుతో సహా తూగితే 212 పౌండ్లు వచ్చాడట. ఎవరో 190 అడుగులది చవకగా ఇస్తామంటున్నారట. పంచాంగం వెనుక అట్ట మీద భాగించి చూశాను, 1.12 వచ్చింది. 210 దొరికేదాకా అద్దెదానితో దూకు నాయనా, ఈలోగా ఆ తరగతికి పేరు ఇచ్చావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. ఇచ్చాక ఫోను చేయమన్నాను.