ఏమేం మానేశారమ్మా?

పాదం నొప్పి ఉన్నవాళ్లు చాలామంది ఆ మాట చివర్లో చెబుతారు. ముందు నడుం గురించి, తర్వాత మోకాళ్ల గురించి చెప్పి, మందుల చీటీ చేతికందాక లేవబోతూ, "అరికాల్లో కూడా, ఇదిగో ఇక్కడ వేళ్ల మొదట్లో, కొంచెం సలుపుతుందండీ" అంటారు. చెప్పులు విప్పించి, బల్ల మీద పడుకోబెట్టి చూస్తే రెండో వేలు, మూడో వేలు మొదళ్ల కింద దళసరి ఆనెకాయలు కనిపిస్తాయి. బొటనవేలు పక్కకు ఒరిగి రెండోదాన్ని నెడుతూ ఉంటుంది. ఇలాంటి పాదంతో ఈమె రోజంతా ఎలా తిరుగుతోందా అనిపిస్తుంది. నిజానికి తిరగడం లేదు. ఆ సంగతి మనం అడిగితేనే బయటికొస్తుంది.

అందుకే "నొప్పి పదికి ఎంత?" అన్న ప్రశ్న కన్నా ముందు "ఏమేం మానేశారమ్మా?" అని అడుగుతాను.

రిటైరైన ఒక టీచరమ్మ దీనికి మొదట "మానేసిందేమీ లేదండీ" అన్నారు. కాసేపు ఆగి ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. సాయంత్రం భర్తతో కలిసి వెళ్లే నడక ఆగి రెండేళ్లయింది. రైతుబజారుకు ఆయనొక్కరే వెళ్తున్నారు. కూరగాయలు ఏరుకుని, బేరమాడి, తెలిసినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చే సరదా పోయింది. గుళ్లో ప్రదక్షిణలు మానేసి ధ్వజస్తంభం దగ్గరే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తున్నారు. తోటివాళ్లు అరుణాచలం గిరిప్రదక్షిణకు బస్సు మాట్లాడుకుంటే, 14 కిలోమీటర్లు వట్టి కాళ్లతో తన వల్ల కాదని తెలిసి, ఇంట్లో పనుందని తప్పించుకున్నారు. అన్నిటికన్నా ఆమెను బాధపెట్టింది వేరే. "పెళ్లికెళ్తే అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కలేకపోతున్నానండీ. చెప్పులు విప్పి వరసలో నిలబడాలిగా. కుర్చీలోంచి లేవడం లేదని, మా ఆడపడుచు వాళ్లు నాకు గర్వం పెరిగిందనుకుంటున్నారు." పక్కనే కూర్చున్న భర్త ఆశ్చర్యంగా చూశారు. టీవీ సీరియళ్లు అలవాటై నడక మానేసిందని ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నారట.

నడిచేటప్పుడు మడమ నేల విడిచాక ఒంటి బరువంతా కాసేపు వేళ్ల మొదళ్ల మీదే నిలుస్తుంది. అక్కడ ఐదు ఎముకల తలలు వరసగా ఉంటాయి. వాటిలో బొటనవేలి వైపున్నది లావైనది, మిగతావాటికన్నా ఎక్కువ భారం దానిదే. బొటనవేలు ఒరిగిపోయి అది తన పని చేయలేనప్పుడు ఆ భారం సన్నగా ఉండే రెండో, మూడో ఎముకల మీద పడుతుంది. వయసుతో అరికాలి కింద కొవ్వు మెత్త కూడా పలచబడుతుంది. గులకరాళ్ల మీద నడిచినట్టుందని వీళ్లు చెప్పేది అతిశయోక్తి కాదు. పైగా మన ఇళ్లలో గ్రానైటు మీద, టైల్స్ మీద వట్టి కాళ్లతోనే కదా నడక.

టీచరమ్మకు మొదట చెప్పింది ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమని. "వంటింట్లోకి చెప్పులా?" అని ఆవిడ ససేమిరా అన్నారు. వీధి గడప దాటని కొత్త జత ఒకటి విడిగా పెట్టుకోవడానికి చివరికి ఒప్పుకున్నారు. బయటి చెప్పుల్లో చిన్న మెత్త అతికించాం. ఇక్కడ చాలామంది పొరపడతారు. మెత్తను నొప్పి ఉన్నచోట కాకుండా, దానికి కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. అప్పుడే ఎముక తల మీద భారం తగ్గుతుంది. పిక్కలు సాగదీసే వ్యాయామం కూడా నేర్పాం. పిక్క కండరం బిగుసుకుని ఉంటే మడమ తొందరగా లేచి, భారం ముందుకు వస్తుంది. మునుపటంత నడక ఆమెకు తిరిగి రాలేదు. రైతుబజారు మాత్రం వచ్చింది.

2000లో మాంచెస్టర్ పరిశోధకులు పాదం నొప్పి మనిషిని ఎంత కట్టిపడేసిందో కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. గట్టి నేల తప్పించుకుని నడుస్తున్నారా, బయటికి వెళ్లడం మానుకున్నారా, కాళ్లు నొప్పెట్టినప్పుడు చిరాకు పడుతున్నారా, వేసుకోవాల్సి వచ్చిన చెప్పులు చూసి సిగ్గుపడుతున్నారా అని అందులో అడుగుతారు. చిరాకు ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మా రోగులు పక్కనున్న ఇంటివాళ్ల మొహం చూస్తారు.

రుమటాయిడ్ కీళ్లవాతంలో ఇంకో చిక్కుంది. జబ్బు ఎంత అదుపులో ఉందో చూడ్డానికి ఎక్కువగా వాడే లెక్కలో 28 కీళ్లుంటాయి. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కణుపులు, మోకాళ్లు. చీలమండలు, పాదాలు అందులో లేవు. చాలామందిలో ఈ జబ్బు కాలివేళ్ల మొదళ్లలోనే తొలుత కనబడుతుంది, అయినా లెక్కలోకి రాదు. ఇంట్లో బట్టలు కుట్టే ఒకమ్మాయి రిపోర్టులన్నీ బాగున్నాయి, చేతులు బాగున్నాయి. కానీ కుట్టుమిషను పెడలు తొక్కలేక జాకెట్ల ఆర్డర్లు సగం వదులుకుంది. పాదాన్ని రెండు పక్కల నుంచి వేళ్ల మొదట్లో మెల్లగా నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి. స్కాన్ తీయిస్తే అక్కడ వాపు ఇంకా ఉంది. ఆమె కీళ్ల డాక్టరు మందు మార్చారు. ఈలోగా ఆమె మిషనుకు మోటారు బిగించుకుంది. ఆ మోటారు మందుతో సమానంగా పనిచేసిందని నా నమ్మకం.

షుగరు ఉన్నవాళ్లు "నొప్పి దానంతటదే పోయిందండీ" అని సంతోషంగా చెప్పినప్పుడు మాత్రం నాకు భయమేస్తుంది. నరాలు మొద్దుబారితే నొప్పి పోతుంది, ఒత్తిడి పోదు. ఆనెకాయ కింద పుండు తయారవుతున్నా మనిషికి తెలియదు.

బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒకావిడ నాట్లకు వెళ్తుంది. "మళ్లో దిగినంతసేపు హాయిగానే ఉంటదయ్యా. సిమెంటు రోడ్డెక్కితేనే ప్రాణం మీదకొస్తది" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బురద అరికాలంతటికీ ఆనుకుని బరువును పంచుతుంది. పాదం అచ్చు తీసి చేయించే మెత్తలు చేసేదీ అదే పని. దూరంగా ఉన్న చేలకు రోడ్డు మీద నడవాలి కాబట్టి అక్కడి కూలి ఆమె వదులుకుంటోంది. నాట్ల రోజుల్లో పోయిన కూలి మళ్లీ దొరకదు. ఆమెకు ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు రాసిచ్చాను. కుష్ఠురోగుల పాదాలకు పుళ్లు పడకుండా ఈ మెత్తటి రబ్బరును వెల్లూరు, కరిగిరి ఆసుపత్రుల్లో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోటివాళ్లు వాడుకలోకి తెచ్చారు. మడమ వెనక పట్టీ ఉన్నవి తీసుకోమన్నాను. పట్టీ లేకపోతే చెప్పు జారకుండా వేళ్లతో బిగించి పట్టుకుని నడుస్తారు. ఆ బిగింపే నొప్పి పెంచుతుంది.

పెద్ద బట్టల షాపులో పనిచేసే ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. పొద్దున షాపు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా నిలబడే ఉండాలి. పాదం మీద వాపు, రెండో వేలి ఎముక మీద వేలు పెడితే అరుపు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మూడు వారాల తర్వాత మళ్లీ తీస్తే సన్నటి పగులు మానుతున్న గుర్తు కనిపించింది. కవాతులు చేసే సైనికుల్లో ఎక్కువగా చూసే పగులు ఇది. విశ్రాంతి రాయబోతే ఆమె ఆపింది. "సెలవు రాయకండి సార్, ఉద్యోగం పోతుంది. కూర్చోవచ్చని రాయండి."

కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించాయి. ఒక స్టూలు కోసం చట్టం చేయాల్సి రావడం బాధాకరమే. చేసినందుకు ఆ రాష్ట్రాలను మెచ్చుకోవాలి. ఆమె అడిగినట్టే రాసిచ్చాను. షాపు నుంచి మేనేజరు ఫోన్ చేశారు. వచ్చినవాళ్లు నిలబడి ఉంటే అమ్మేవాళ్లు కూర్చుంటే ఎలా అన్నారు. ఎముక మానాలంటే ఆరు వారాలు పడుతుందని, మానకపోతే ఆ అమ్మాయి అసలు పనికే రాలేదని చెప్పాను. ఆమెను బిల్లింగు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఎముక మానింది. తర్వాత మళ్లీ చీరల అంతస్తుకు పంపారు. ఇప్పుడు అదే షాపు నుంచి ఇంకో ఇద్దరమ్మాయిలు నా దగ్గర చూపించుకుంటున్నారు. వాళ్లకూ అదే చీటీ రాశాను.