ఏజెన్సీ అంటే ఏది?

హైదరాబాద్‌లో ఏజెన్సీ అంటే గ్యాసు, ట్రావెల్స్. మా జైనూర్‌లో ఏజెన్సీ అంటే అడవి, గూడెం, భూమి, ఆ భూమి గిరిజనుల చేయి దాటకుండా చూసే 1/70 చట్టం.

మాట మూలం లాటిన్‌లో ఉంది: చేయడం, నడపడం. ఒకరి తరఫున పని నడిపేవాడు ఏజెంటు. 1839లో కంపెనీ సర్కారు గంజాం, విశాఖ మన్యాన్ని మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్‌నే గవర్నర్ ఏజెంటుగా పెట్టింది. ఆ ఏజెంటు ఏలిన కొండలే ఏజెన్సీ.

మనది అప్పట్లో నిజాం ఇలాకా. ఇక్కడ ఆ గవర్నరూ లేడు, ఆయన ఏజెంటూ లేడు. ఇప్పుడు రాజ్యాంగంలో దీని పేరు షెడ్యూల్డ్ ప్రాంతం. అయినా ఉట్నూర్ నుంచి ఆసిఫాబాద్ దాకా అందరి నోటా ఏజెన్సీయే.

ఇంగ్లీషులో ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: తన నిర్ణయం తాను తీసుకోగల శక్తి. ఏజెన్సీ జనానికి ముందు కావాల్సింది ఆ ఏజెన్సీ.