గుర్రం వెల

దుర్గిలో ఒక శిల్పి చెక్కుతున్న రాతిగుర్రం ముందు నిలబడ్డాను. దానికి వెల కట్టొచ్చు: రాయి ఖరీదు, చేతిపని. ప్రాణమున్న గుర్రానికో? మొన్న ఫోన్‌లో చూసిన అమ్మకం ప్రకటనలో రంగు, వయసు, ఎత్తు, సుడులు, చివర ధర. గుణం గురించి ఒక్క మాట లేదు.

సంతలో ఎడ్లబేరం కండువా కింద వేళ్ళతో సాగినా, ఎద్దు ఎదుటే ఉండేది. పళ్ళు చూసి, నడిపించి చూసేవారు.

అయితే ఎదుట లేని గుర్రానికి వెల కట్టడం కొత్త కాదు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు హొర్ముజ్, ఏడెన్‌ల గుర్రాలను వెయ్యి బంగారు పర్దావోలకు మూడేసి కొన్నాడనీ, సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపినా బతికినదానికి ఇచ్చినంతే ఇచ్చాడనీ పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. వర్తకుడికి నష్టం లేదు. ఓడలో పోయిన ఆ ప్రాణి మాటే ఎవరి లెక్కలోనూ లేదు.

గుర్రాన్ని అమ్మేవారికి నా మనవి: అది దేనికి బెదురుతుందో, ఎవరి పిలుపుకు తల తిప్పుతుందో కూడా రాయండి.