పెట్టె అడుగున కాగితం

ఇంటికి వకీలు నోటీసు వస్తే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది వకీలు కాదు, చుట్టాలు. మేనమామ ఒక మాటంటాడు. పక్కింటి రిటైర్డు గుమాస్తా దానికి ఎదురుమాట అంటాడు. పాలు పోయడానికి వచ్చినవాడు సైతం తన బావమరిది దావా కథ చెప్పి, రెండు సలహాలు పారేసి పోతాడు. వారం తిరిగేసరికి సలహాలు గంపెడు పోగవుతాయి గాని, నోటీసుకు జవాబు మాత్రం పోదు. బాలాపూర్‌లో మా అక్క ఇంట ఈమధ్య జరిగింది అచ్చంగా ఇదే.

అక్కది రెండువందల గజాల స్థలంలో చిన్న ఇల్లు. బావ 1996లో ఆ స్థలం కొని, రిజిస్ట్రీ చేయించుకుని, పైసా పైసా కూడబెట్టి కట్టాడు. ఆ ఊరి వినాయకుడి లడ్డూ వేలంపాట 1994లో 450 రూపాయలతో మొదలైందంటే ఈనాటి పిల్లలు నమ్మరు. 2025లో పాట 35 లక్షల దాకా పోయింది. లడ్డూ సంగతి దేవుడి మహిమ అనుకుందాం. కాని అక్కడి నేల ధర కూడా దాని వెనకాలే నడిచింది. నేలకు ధర వచ్చినచోట పాత కాగితాలు నిద్ర లేస్తాయి సుమండీ!

నోటీసు సారాంశం ఇది. 2015 మార్చిలో బావ ఆ ఇల్లు అమ్ముతానని ఒప్పందం రాసి రెండు లక్షలు బయానా తీసుకున్నాడట. మిగతా సొమ్ము ఇస్తాం, వచ్చి రిజిస్ట్రీ చేయండి అంటారు. బావ 2021లోనే పోయాడు. నిజమేమిటని అడగడానికి మనిషి లేడు. అక్కకున్న నీడ ఆ ఇల్లొక్కటే.

వకీలును వెతికే పని నా నెత్తిన పడింది. న్యాయవాదులు తమ గురించి ప్రకటనలు వేసుకోకూడదని బార్ కౌన్సిల్ వారి నిబంధన. కనుక పేపరు తిరగేస్తే దొరికేది కాదు, నలుగురినీ అడగాలి. అడిగితే నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. నేనొక పని చేశాను. ఎల్.బి.నగర్‌లో ఉన్న రంగారెడ్డి జిల్లా కోర్టులకు వెళ్లి, సివిల్ దావాలు నడిచే హాల్లో వెనక బెంచీ మీద రెండు పూటలు కూచున్నాను. కోర్టు హాలు సాధారణంగా ఎవరైనా కూచుని వినదగ్గ చోటే. ఎవరు గొంతు పెంచి మాట్లాడతారో, ఎవరు తేదీ చెప్పి కాగితం తీసి చూపిస్తారో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. నెమ్మదిగా మాట్లాడే ఒక మధ్యవయస్కురాలిని జడ్జిగారు రెండుసార్లు శ్రద్ధగా విన్నారు. నాకు చెప్పిన నాలుగు పేర్లలో ఆవిడ పేరు కూడా ఉంది. ఇంకేం కావాలి?

ఖర్చుకు భయపడేవారి కోసం ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ప్రతి జిల్లాలోనూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోను చేసినా చాలు. ఈ సంగతి అక్కకు చెప్పాను.

"కొడుకు పంపుతుండు గద తమ్మీ, ఫీజు ఇచ్చుకుందాం. అది లేనోళ్లకు ఉండనియ్యి" అంది.

మర్నాడు వెళ్లాలనగా రాత్రి కూచుని అన్నీ సర్దాం. 1996 నాటి దస్తావేజు, దాని వెనకటి లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, బావ మరణ ధ్రువపత్రం. అన్నిటికీ జిరాక్సులు తీశాం. అసలువి చూపించి తిరిగి తెచ్చుకోవడానికే. నోటీసుతో పాటు అది వచ్చిన కవరు కూడా పెట్టాను. ఏనాడు అందిందో చెప్పడానికి దాని మీది ముద్ర పనికొస్తుంది. ఆపైన ఒక తెల్లకాగితం మీద ఏ ఏడు ఏం జరిగిందో వరసగా రాశాను. కథ చెబితే గంట పడుతుంది, తేదీలు చదివితే ఐదు నిమిషాలు.

2015 దగ్గరికొచ్చేసరికి అక్క కలం ఆపమంది. లేచి వెళ్లి, బావ ట్రంకుపెట్టె అడుగునుంచి మడతలు పడ్డ స్టాంపు కాగితం తెచ్చింది. ఒప్పందం నిజమే! బిడ్డ పెళ్లికని బావ రాసి ఇచ్చాడు. రెండు ప్రతులు రాసుకుని చెరొకటి ఉంచుకున్నారు. కొనేవాళ్లు మళ్లీ రాలేదు, పెళ్లి అప్పు మీద జరిగిపోయింది.

"గీ కాయితం వకీలమ్మకు చూపియ్యకు తమ్మీ. ఈసీల గూడ లేదు. సంతకం ఆయనది కాదందాం. ఇల్లు పోతే నేనేడికి పోవాలె?"

నేనేం వాదించలేదు. కాగితం సంచీలో పెట్టుకో, చూపించేదీ మానేదీ అక్కడే తేల్చుకో అన్నాను.

వకీలు గారి ఆఫీసులో అక్క ముందుగా అడిగింది ఒకటే: "మేము చెప్పిన మాట బయటికి పోతదా?" ఆవిడ నవ్వలేదు. కక్షిదారు తనతో చెప్పిన మాటను ఆ కక్షిదారు ఒప్పుకోనిదే వకీలు బయటపెట్టకూడదని చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఉంది. నేరం చేయడానికి సాయం అడిగితే తప్ప, అని విడమరిచి చెప్పింది. అక్క కాసేపు కొంగు నలిపి, సంచీలోంచి కాగితం తీసింది.

వకీలు గారు ముందుగా కాగితం తిప్పి వెనకవైపు చూశారు. ఏమీ లేదు. తర్వాత ముందువైపు చదివి, ఒక పంక్తి మీద వేలు పెట్టారు. మిగతా సొమ్ము 2015 డిసెంబరు ఆఖరులోగా చెల్లించాలని గడువు రాసి ఉంది. నోటీసులో ఆ గడువు మాటే ఎత్తలేదు!

"గడువు తేదీ రాసిన ఒప్పందానికి ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలమ్మా. 1963 నాటి కాలపరిమితి చట్టం అది. మీ లెక్క 2018తోనే తీరింది. మధ్యలో గడువు పెంచుతూ మీవారు ఏమన్నా రాసిచ్చారా? మరికొంత డబ్బు తీసుకున్నారా? కాగితం వెనక చూసింది అందుకే. వాళ్ల ప్రతి వెనక ఏముందో కూడా చూడాలి. నకలు పంపమని జవాబులో అడుగుదాం. ఇది చూపించకుండా సంతకం ఆయనది కాదని ఉంటే, ఆ అబద్ధాన్ని నిలబెట్టడమే మన పనయ్యేది. సంతకం నిపుణుల దగ్గరికి పోయాక మన నిజాలు కూడా ఎవరూ నమ్మరు."

ఆ తర్వాత ఫీజు మాట. నోటీసు జవాబుకు ఎంత, దావా పడితే ఎంత, కోర్టు ఖర్చులు వేరుగా ఎంత అని కాగితం మీద రాసిచ్చారు. గెలిస్తే ఆస్తిలో ఇంత వాటా అనే బేరం వకీళ్లు చేయకూడదని నిబంధన ఉందట. వకాలత్‌నామా నింపి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించుకున్నారు.

అంతా అయిందనుకుంటుండగా అక్క అడిగింది: "మరి ఆ రెండు లక్షలు?"

"చట్టప్రకారం దానికీ గడువు లెక్క ఉంటుంది" అన్నారావిడ.

"చట్టం సంగతి కాదమ్మా. ఆయన తీసుకున్నడు. నా బిడ్డ పెండ్లికే తీసుకున్నడు."

వకీలు గారు కలం పక్కన పెట్టారు. ఇవ్వాలనుకోవడం మంచిదే గాని, ఈ మాట వీధిలో వాళ్లతో అనొద్దన్నారు. మన హక్కులకు భంగం లేకుండా అని జవాబులో తానే రాస్తానన్నారు. వాళ్లు ఒప్పుకుంటే దావా దాకా పోకుండా న్యాయ సేవాధికార సంస్థ ముందే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు. అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు.

జవాబు పోస్టులో వెళ్లింది. అవతలినుంచి ఇంకా ఏమీ రాలేదు. దావా పడుతుందో, రాజీ కుదురుతుందో ఇప్పుడే చెప్పలేం. అక్క మాత్రం కొడుకు పంపిన దాంట్లోంచి రెండు లక్షలు తీసి బ్యాంకులో విడిగా వేసింది. ఆ ఒప్పందం కాగితం ఇప్పుడు పెట్టె అడుగున లేదు. ఇంటి దస్తావేజుతో కలిపి ఒకే సంచీలో ఉంది.