స్పాయిల్ అయిన బాయిలర్

పోయిన మంగళవారం పొద్దున్నే మా ఇంట్లో బాయిలర్ ఆగిపోయింది. ఇంగ్లండులోని రెడింగ్‌లో నవంబరు చలి. కుళాయి కింద చెయ్యి పెడితే ఆ చెయ్యి మనది కాదేమో అనిపిస్తుంది. దుప్పటి కప్పుకుని ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు ఆఫీసుకి ఫోన్ చేసి, మా బాయిలర్ స్పాయిల్ అయిందని నిక్షేపంలాంటి ఇంగ్లీషులో చెప్పాను. అవతలి అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "స్పాయిల్డా? అంటే ఏమయింది?" అంది. మర్యాదగానే అడిగింది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. ఆ పూట మా ఇంట్లో మండింది అదొక్కటే.

సోఫాలో ముడుచుకుని పడుకున్న మా అమ్మాయి కళ్లు తెరవకుండానే, "బాయిలర్‌ని మరీ గారాబం చేశావా నాన్నా?" అంది. దానికి 17 ఏళ్లు. ఏ-లెవెల్స్‌లో లా చదువుతోంది. దాన్ని లాలో చేర్పించింది నేనే కాబట్టి ఎవర్నీ అనుకోవడానికి లేదు.

ఈ దేశం వచ్చి 22 ఏళ్లయినా ఈ ఒక్క విషయంలో నాకు రాజీ కుదరలేదు. స్పాయిల్ మన మాట. మనకి ఫోను స్పాయిలవుతుంది, కడుపు స్పాయిలవుతుంది, టైరు, రోడ్డు, మూడ్, చివరికి మేనల్లుడు కూడా స్పాయిలవుతాడు. 'పాడైంది' అనే మాటకి ప్యాంటూ షర్టూ తొడిగి పంపించాం, అంతే. కూకట్‌పల్లి నుంచి గాజువాక దాకా అందరికీ అర్థమవుతుంది. ఏమయింది అని మెకానిక్ అడుగుతాడే గానీ, స్పాయిల్ అంటే ఏమిటి అని అడగడు. ఇక్కడేమో స్పాయిల్ కావడానికి అర్హత ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: పిల్లలు, ఆకలి, సరదా, సినిమా కథ, ఓటు. బ్యాలెట్ చీటీ మీద పిచ్చిగీతలు గీస్తే అది స్పాయిల్ట్ బ్యాలెట్. పాలకి కూడా ఆ భాగ్యం అరుదే. పాలు 'ఆఫ్' అవుతాయట, ఎవరో స్విచ్ నొక్కినట్టు.

తీరా దాని పుట్టుక చూస్తే, చచ్చిన శత్రువు ఒంటి మీది కవచం ఊడబెరుక్కోవడమట లాటిన్‌లో. అంత ఘోరమైన మాటని తెచ్చి, మనవడికి చాక్లెట్లు కొనిపెట్టే తాతయ్యలకి అంటగట్టారు. నా బాయిలర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టింపులు.

అసలు ఇంగ్లీషులో దెబ్బ తగిలించేముందు అది ఎవరికి తగులుతోందో తేల్చుకోవాలి. ప్రమాదంలో మనిషికి తగిలితే ఇంజురీ. కత్తో తుపాకీయో మధ్యలో ఉంటే ఊండ్. వస్తువుకైతే డామేజ్. ఆ డామేజ్‌కి చివర 'స్' చేరిస్తే నష్టం కాదు, కోర్టు ఇప్పించే పరిహారం. కొత్తలో ఓసారి, ఆలస్యం వల్ల ప్రాజెక్టు ఇంజూర్ అయిందని ఆఫీసులో మెయిల్ పెట్టాను. ఫస్ట్ ఎయిడ్ బాధ్యత చూసే ఆయన నా సీటు దగ్గరికొచ్చి, తగిలింది ఎవరికి అని అడిగాడు. వేళాకోళమో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

మనకి దెబ్బ అంటే దెబ్బే. కాలికి తగిలినా, కారుకి తగిలినా, మిర్చి రేటుకి తగిలినా. ఎండకి తిరిగితే వడదెబ్బ, ఎన్నికల్లో ఎదురుదెబ్బ, చాటునుంచి కొడితే దొంగదెబ్బ. పైగా మనం దాన్ని తింటాం కూడా. దెబ్బలు తిని, తన్నులు తిని, తిట్లు తిని, ఆ పైన అన్నం తింటాం.

సరే, మెచ్చుకోవాల్సినచోట మెచ్చుకుంటాను. ఇంపెయిర్ అనే మాట నాకిష్టం. చెవి తెగితే ఇంజురీ, వినికిడి తగ్గితే ఇంపెయిర్‌మెంట్. అవయవాన్నీ అది చేసే పనినీ అంత శుభ్రంగా విడదీసింది. అండర్‌మైన్ ఇంకా ముచ్చటైనది. కోటగోడని ఎదురుగా కొట్టకుండా పునాది కింద సొరంగం తవ్వి కూల్చడం. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, మనమూ గోతులు తవ్వేవాళ్లమే. ఎరోడ్ అంటే మొదట కొరకడమట, ఎలుకజాతిని రోడెంట్ అనడం కూడా ఆ మూలం నుంచే. నది ఒడ్డుని ఎలుకలాగా కొరుకుతుందన్నమాట. బాగుంది. కానీ కొల్లూరు లంకల్లో ఎవరినైనా అడగండి, ఏరు కోసుకుపోయింది అంటారు. కొరకడం కన్నా కోయడమే నిజం. రాత్రి ఉన్న గట్టు పొద్దునకి ఉండదు.

పాడవడంలో తేడాలు మనకి తెలియవని మా అమ్మాయి అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. పాలు విరుగుతాయి. అన్నం పాచిపోతుంది. గుడ్డు మురుగుతుంది. పండు కుళ్లుతుంది. బియ్యం ముక్కిపోతాయి. పచ్చడి బూజు పడుతుంది. బట్ట చివుకుతుంది, చెప్పు అరుగుతుంది, కత్తి మొద్దుబారుతుంది, తాడు పురి సడలుతుంది, తలుపు చెదలు పడుతుంది. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని, "మరి ఇన్ని ఉండగా బాయిలర్‌కి స్పాయిల్ ఒక్కటే దొరికిందా?" అంది. లా చదివే పిల్లతో వాదన పెట్టుకోకూడదు.

ఆ సాయంత్రం దాని పుస్తకంలోంచే ఇంకోటి చూపించింది. ఇక్కడ మనుషుల మీద దాడులకి ఇప్పటికీ 1861 నాటి చట్టమే. దాని ప్రకారం ఊండ్ అనాలంటే చర్మం రెండు పొరలూ తెగాలి. 1980ల్లో ఓ కేసులో ఎయిర్‌గన్ పెల్లెట్ కంటి దగ్గర తగిలి లోపల నెత్తురు గూడుకట్టింది. పైన చర్మం తెగలేదు కాబట్టి అది ఊండ్ కాదన్నారు జడ్జీలు. ఇంతలా కొలుస్తారా అని ఆశ్చర్యపోబోయి ఆగిపోయాను. ఈ కొలతలు నాకు కొత్తేం కాదు.

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమస్తా. ఇక్కడివాళ్ల చట్టం కన్నా ఏడాది ముందే, 1860లో, మనకి పీనల్ కోడ్ రాసిపెట్టారుగా. అందులో 319 హర్ట్, 320 గ్రీవియస్ హర్ట్. ఆసుపత్రి నుంచి వచ్చే ఊండ్ సర్టిఫికెట్లకి నకళ్లు రాసే పని నాన్నది. ఇంటికి తెచ్చుకుని వరండాలో కూర్చుని రాస్తుంటే పక్కన నేను పైకి చదివేవాణ్ని. అబ్రేషన్, కంట్యూజన్, లాసరేషన్, ఇన్ని సెంటీమీటర్ల పొడుగు, ఇంత వెడల్పు. నా ఇంగ్లీషు చదువు అక్కడ మొదలైంది. కంట్యూజన్ తెలిసినవాడికి బాయిలర్ బ్రేక్‌డౌన్ తెలియదేమిటంటే ఇదే కారణం. బాయిలర్‌కి ఎవరూ ఊండ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది సర్టిఫికెట్ చివరి గీత మీద ఉండేది: సింపులా, గ్రీవియసా? కేసు బరువంతా దానిమీదే. ఎముక విరిగినా, పన్ను ఊడినా గ్రీవియస్. 20 రోజులు తీవ్రమైన నొప్పితో మంచం పట్టినా గ్రీవియస్. 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలో ఆ 20 రోజులు 15 అయ్యాయి గానీ, పన్నుని ఎవరూ కదపలేదు.

ఓ ఆదివారం పొద్దున అన్నదమ్ముల గట్టు తగాదాలో దెబ్బలు తిన్న ఒకాయన మా ఇంటికొచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి నాన్న ముందు పెట్టాడు. విప్పితే పన్ను. చుట్ట పొగకి నల్లబడిపోయి, ఒక పక్క పుచ్చి ఉంది. నాన్న దాన్ని ముట్టుకోకుండా పొట్లం చివర పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడో పుచ్చిన పన్ను కదయ్యా."

"పుచ్చితే పుచ్చింది గుమస్తా గారూ, ఊడింది నిన్ననేగా! సింపుల్ అని రాస్తే ఊళ్లో తలెత్తుకోలేను."

డాక్టరు గారు చూసి రాయాల్సిందేగానీ తన చేతిలో ఏం లేదని చెప్పి, పొట్లం మళ్లీ జాగ్రత్తగా మడిచి ఇచ్చేశాడు నాన్న. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తడుముకుని వెళ్లడం నాకింకా గుర్తు.

బాయిలర్ బాగుచేసే మనిషి గురువారం వచ్చాడు. మూత విప్పి, లోపలికి టార్చి వేసి, "నాకర్డ్" అని తేల్చేశాడు. నాకర్ అంటే పనికిరాని ముసలి గుర్రాల్ని కొని కోసేవాడు. గుర్రానికి వాడే మాట బాయిలర్‌కి చెల్లుతుందిగానీ నా స్పాయిల్ చెల్లదు. మా అమ్మాయి వైపు చూశాను. అది ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

నిన్న ఆదివారం కదా, ఇంటికి ఫోన్ చేశాం. నాన్న బాత్రూములో జారాడట.

"దెబ్బలేమైనా తగిలాయా నాన్నా?"

"సింపులేరా. తోలు కూడా లేవలేదు."

"అయితే ఊండ్ కాదు తాతయ్యా" అంది మా అమ్మాయి స్పీకర్లో. నాన్న గట్టిగా నవ్వాడు. 'సింపుల్' అన్నప్పుడు 'స' దగ్గర సన్నగా ఈల వినిపించింది. సిగ్నల్ సరిగ్గా లేదనుకున్నాను.

ఇంతలో అమ్మ ఫోను లాక్కుంది. "ముందుపన్ను ఊడింది రా. నీకు చెప్పొద్దంటున్నారు. పొట్లం కట్టి బీరువాలో పెట్టుకున్నారు."