మా వాడ ముచ్చట్లు – 17: నేటివ్ స్పీకర్ అంటే ఏమిటోళ్లు?



మొన్న ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడ నుంచి మా అక్క ఫోన్. "తమ్మీ, పిల్లగాడు కోదాడల ఎవనికో ఇరవై వేలు కట్టిండట. ఇంకో నలభై వేలు కడితే కొరియాల ఇంగ్లీషు సారు నౌకరి ఇప్పిస్తడట. సంఘంల లోను తీసి పెట్టిన. కట్టాల్నా వద్దా, నువ్వే జెప్పు."

అక్క నాట్లకు పోతది. ఆ నలభై వేలంటే ఆమెకు ఎన్ని కైకిళ్లో నాకు తెలుసు. సాయంత్రానికి సూర్యాపేట పోయిన.

అల్లుడు ఎం.ఏ. ఇంగ్లీషు చేసిండు. బి.ఎడ్. లేదు. సూర్యాపేటల ప్రైవేటు స్కూళ్లో పదకొండు వేలకు చెప్తుండు, అది కూడా ఎండకాలం రెండు నెలలు రాదు. కొత్త బస్టాండు దగ్గర చాయ్ తాగుకుంట ఫోన్ తీసి చూపించిండు. 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ సర్టిఫికెట్. ఇంగ్లీషు మాతృభాష కానోళ్లకు ఇంగ్లీషు నేర్పేటందుకు అన్నట్టు. ఆ పేరు ఎవరి సొంతమూ కాదు. ఎవడైనా కోర్సు పెట్టొచ్చు, ఎవడైనా అమ్మొచ్చు.

"అరే, నేను గూడ కొన్నరా ఇట్లాంటిది" అన్న.

2009. నేనూ అదే సూర్యాపేటల ప్రైవేటు సారునే. పన్నెండు వేలు అప్పు తెచ్చి ఆన్‌లైన్ సర్టిఫికెట్ కొన్న. ఒక కంపెనీ ఫోన్ల ఇంటర్వ్యూ చేసింది. ఇరవై నిమిషాలు మాట్లాడిన. అవతలాయన నా ఇంగ్లీషు బాగుందన్నడు. చివరికి, పాస్‌పోర్టు ఏ దేశానిది అనడిగిండు. ఇండియా అన్న. మళ్లీ ఫోన్ చేస్తమన్నడు. చెయ్యలేదు.

నాకది కొత్తగ అనిపియ్యలేదు. అంతకు ముందు ఏడాదే ఇల్లు కిరాయికి చూసినం. ఇల్లు నచ్చింది, మాట అయింది, అడ్వాన్సు లెక్కపెడుతుంటే ఇంటామె "మీరేమిటోళ్లు?" అనడిగింది. చెప్పిన. "మా బిడ్డ అల్లుడు ఈ ఇంట్లకే వస్తరట, మళ్ల చెప్తం" అన్నది. ఆమె గూడ మళ్ల చెప్పలేదు.

కొరియాల ఇంగ్లీషు సార్లకిచ్చే వీసా మామూలుగ ఏడు దేశాలోళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. నేటివ్ స్పీకర్ అంటే ఎట్ల మాట్లాడుతడు అని కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిది అని. మనకు ఒక సందు ఉన్నది. 2010ల అమలైన ఇండియా–కొరియా ఒప్పందం కింద సహాయక టీచరుగ పోవచ్చు. కని దానికి టీచరు లైసెన్సు గావాలె. టెఫెల్ కాగితం కాదు.

నన్ను దేశం దాటించింది గూడ బి.ఎడ్.నే. 2012ల ఒమన్ల ఒక ఇండియన్ స్కూళ్లో చేరిన, నాలుగేండ్లు చేసిన. గల్ఫ్‌ల సీబీఎస్ఈ స్కూళ్లు బి.ఎడ్. అడుగుతయి. దాని మీద స్టాంపుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే ముచ్చట. ఇంటర్వ్యూల నా పన్నెండు వేల కాగితం తీసి చూసి, ఫైలు అడుగున పెట్టిండు ఆయన. అంతే.

అన్ని సర్టిఫికెట్లూ దండగ అంటలేను. కేంబ్రిడ్జోళ్ల సెల్టా ఉంది. అందుల నేర్చుకునేటోళ్ల ముందర నిలబడి ఆరు గంటలు పాఠం చెప్పి చూపియ్యాలె, పక్కన కూసోని తప్పులు రాసేటోడు ఉంటడు. దాని ఫీజు మనసొంటోళ్లు మొయ్యలేం. మన హైదరాబాదుల ఇఫ్లూ ఉంది, 1958ల మొదలైందే టీచర్లకు ఇంగ్లీషు బోధన నేర్పనీకి. గల్ఫ్ నుంచి వచ్చినంక నేను అక్కడి డిప్లొమా చేసిన. మొదటి పది నిమిషాలు సారు నోరు మూసుకోని పిల్లలతోని మాట్లాడియ్యాలని అప్పుడే తెలిసింది. అప్పటిదాంక పదిహేనేండ్లు నేనే మాట్లాడిన! కని అది చేతిల పని నేర్పింది, వీసా ఇయ్యలేదు.

అల్లునికి కోపమొచ్చింది. "నువ్వు పోయొచ్చినవ్ గద మామా, నన్నొద్దంటున్నవ్."

"పొమ్మనే అంటున్న. బి.ఎడ్. జెయ్యి. ఈడ సర్కారు టీచరు గావాలన్నా అదే అడుగుతరు."

"ఇప్పుడది రెండేండ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది, కని ఇల్లెట్ల నడవాలె? అమ్మ మోకాళ్లు జూసినవా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు ఒక్క ఏడాది కోర్సు, అప్పుడు నాయిన ఇంకా పని చేస్తుండె. వీనికి నాయిన లేడు. సావిత్రిబాయి ఆ కాలంలనే ఇంగ్లీషు చదువుమని మనోళ్లకు కవిత రాసింది. చదివినం తల్లీ. చదివినంక ఆ రెండేండ్ల తిండి సంగతి మిగిలింది.

నెలకు నాలుగు వేలు నేను పంపుత అన్న. ఒప్పుకోలేదు, కాదనలేదు.

కూసున్న కాడనే ఈ-మైగ్రేట్ సైటు తెరిచినం. విదేశాలకు పంపే ఏజెంటు అక్కడ రిజిస్టరై ఉండాలె, 30,000 రూపాయలు, పైన జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోవద్దు. కోదాడాయన పేరు లేదు. తెల్లారి ఇద్దరం కోదాడ పోయినం. "నేను ఏజెంటును కాదు సార్, కోర్సు అమ్ముత. నౌకరి ఇప్పిస్తనని యాడ రాసిన?" అన్నడు. నిజమే, కాగితం మీద యాడ లేదు. గంటన్నర కొట్లాడితే పదివేలు చేతుల పెట్టిండు.

అక్క లోను పైసలు సంఘానికి తిరిగి కట్టేసింది. మిగిలిన పదివేలకు వచ్చే మంగళవారం మళ్ల కోదాడ పోతున్నం. ఆ పక్కన ఉండే మిత్రులు ఎవరన్న వస్తరా? ఇద్దరి కంటే నలుగురుంటే బాగుంటది.